ఓరుగంటి గవనులు



కోటకు గాని, ప్రాకారముగల పట్టణమునకు గాని ఉండు పెద్దవాకిలికి మన పూర్వులు పెట్టిన పేరు గవని. నిఘంటుకారులు దానికి పురద్వారమని అర్థము వ్రాసిరి. తప్పులేదు. కాని పురద్వారమన్న మాటలో తలుపుల కిఱ్ఱుమను చప్పుడు నాకు వినరాదు; గవని యన్న మాటలో వినవచ్చును. గవని ప్రక్కను మనిషి వంగి దూరునట్టి చిన్నవాకిలి యున్నచో అది దిడ్డి. పండుగనాడు గుమ్మమునకు మామిడాకులు గుచ్చి కట్టుదుము, అది తోరణము. ఆ తోరణమునే రాతితో మలచి నిలిపినచో అది శిలాతోరణము. ఈ మూడుమాటలను గుర్తుంచుకొన్నయెడల నేను చెప్పబోవునది తేలికగా బోధపడును. ఏలననగా ఓరుగల్లు చూచి వచ్చినవారిలో పలువురు అక్కడి శిలాతోరణమును చూచి, అదియే కోటవాకిలియని యింటికి వచ్చి చెప్పుచున్నారు. కోటవాకిలి వేరు, తోరణము వేరు. ఒకటి అవసరమునకు మూయుటకై కట్టినది. రెండవదానికి తలుపే లేదు.

మన దేశమున గవనులు పోయి పేర్లు మాత్రము మిగిలిన ఊళ్ళు కలవు. రాజమహేంద్రవరమున కోటగుమ్మమను పేరు నేటికిని బజారుకు పోవువారి నోట నానుచున్నది. కోట యెక్కడనని యడిగిన చూపువారు లేరు. ఓరుగంట అట్లు కాదు. అక్కడ పేరు మఱచిరి, గవని నిలిచియున్నది.

ఓరుగల్లనగా ఒంటిరాయి. ఒరు అనగా ఒకటి, కల్లు అనగా రాయి. కోటలోపల నేటికిని ఒక గుట్ట ఒంటరిగా లేచియున్నది. దానినిబట్టియే ఊరికీ పేరు. సంస్కృతకవులు దీనినే ఏకశిలానగరమనిరి. కాకతీయుల మొదటి రాజధాని ఇది కాదు. దీనికి కొన్నిమైళ్ళ దూరముననున్న అనుమకొండ. అక్కడనే రుద్రదేవుడు 1163లో వేయిస్తంభముల గుడిని కట్టించెను. పిమ్మట గణపతిదేవుడు 1199 మొదలు 1262 వరకు అఱువదియేండ్లకు పైగా రాజ్యము చేసెను. ఆ దీర్ఘకాలముననే ఓరుగల్లు రాజధానియై, రాతిగోడ కట్టుకొని, మహానగరమైనది. ఆయన కుమార్తె రుద్రమదేవి గోడను మఱింత యెత్తు చేయించెనని పెద్దల మాట.

ఊరు పుట్టుకను గూర్చి ఒక కథ కలదు. అనుమకొండకు సరకులు తోలుకొనిపోవు బండియొకటి ఈ చోట ఒరిగినదట. లేవనెత్తి చూచునప్పటికి చక్రపు ఇనుపకట్టు బంగారమై యుండెనట. త్రవ్వి చూడగా స్పర్శవేదియైన శివలింగము కానవచ్చినదట. ఆ స్వామికే స్వయంభూదేవుడని పేరు. ఆయన గుడిచుట్టునే నగరము వెలసినది. ఈ కథను నమ్ముటయు మానుటయు మీ యిష్టము. బంగారము మాట అటుంచి నేను బండిని చూతును. గుడి లేనప్పుడే, గోడ లేనప్పుడే, ఆ నేలమీద సరకుబండ్లు నడచుచుండెనని కథ తనకు తెలియకయే చెప్పుచున్నది. దారి ముందు, గుడి తరువాత, గోడ ఆ తరువాత. గవని యనగా దారికిని గోడకును కుదిరిన ఒడంబడిక గదా!

ఇక గోడల మాట. ఓరుగంటికి మూడు వలయములుగా ప్రాకారములుండెను. అన్నిటికంటె వెలుపలిది మట్టికట్ట. దాని అడ్డుకొలత దాదాపు ఎనిమిదిమైళ్ళు. దానిలోపల మఱియొక మట్టికోట, ఒకటిన్నర మైలు అడ్డుకొలత గలది. దానిచుట్టు వెడల్పైన అగడ్త. దానికిని లోపల రాతికోట, ముప్పాతికమైలు అడ్డుకొలత గలది; దానికిని అగడ్త. నడుమ స్వయంభూదేవుని గుడి. చుట్టును గుండ్రముగా గోడలు, నడుమ దేవుడు, నాలుగుదిక్కుల నాలుగు వాకిళ్ళు. ఈ పొందికను చూచి, పట్టణమునే లోకమునకు ప్రతిరూపముగా కట్టిరని పండితులు కొందఱు చెప్పుచున్నారు. కాదనను. కాని గుండ్రని గోడకు మఱియొక గుణము కలదు. పొలము చుట్టు కంచె వేసిన ప్రతి రైతునకును అది తెలియును. ఒకే కొలత కంచెతో గుండ్రముగా చుట్టిన నేలకంటె ఎక్కువ నేల మఱి యే విధముగను చుట్టరాదు.

మట్టికోటయన్నచో మీకు చిన్నచూపు కలుగవచ్చును. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున దుర్గమును కట్టు విధము చెప్పుచు, అగడ్త త్రవ్విన మట్టితోనే కట్ట పోయవలెననియు, దానిని ఏనుగులచేతను ఎద్దులచేతను త్రొక్కించవలెననియు, పైని ముండ్లపొదలు, విషపుతీగెలు నాటవలెననియు చెప్పినాడు. చెఱువుకట్ట వేయు మన ఒడ్డెవాండ్ర పనియు దీనికి చుట్టమే. కాకతీయులు చెఱువులు కట్టుటలో గట్టివారు. రామప్ప, పాకాల, లక్నవరము చెఱువులు వారి కాలమున వెలసినవే. నీటిని నిలుపు కట్టయెట్లుండవలెనో తెలిసినవారికి శత్రువును నిలుపు కట్ట కష్టము కాదు. ఈ మట్టికోట యెట్టిదో దానిమీదికి వచ్చినవారే సాక్ష్యమిచ్చిరి. ఆ మాట ముందు వచ్చును.

రాతికోటకు పెద్దపెద్ద నల్లరాతిదిమ్మలు వాడిరి. వానినడుమ సున్నము లేదు. రాతిమీద రాయి తన బరువుతోనే కూర్చున్నది. గోడ యిరువది అడుగులకు పైని ఎత్తు. నలుబదియైదు బురుజులు గోడనుండి ముందుకు వచ్చి అగడ్తలోనికి చొచ్చుకొని యున్నవి. లోపలివైపున గోడకానించి మట్టికట్ట పోసి, దానిమీద కోటచుట్టును రాతిమెట్లు పఱచినారు. ఆపదవేళ మెట్లెక్కడనున్నవని వెదకుకొననక్కఱలేదు. లోపలి మనిషి ఎక్కడనున్నను అక్కడనే గోడయెక్కవచ్చును. కోటను కట్టినవాని తెలివి వెలుపలి బురుజులకంటె ఈ లోపలి మెట్లలో నాకెక్కువగా కనబడినది.

ఆ గోడకు తూర్పున, పడమట, ఉత్తరమున, దక్షిణమున ఒక్కొక్క గవని. మీరు గవనియొద్దకు పోయి నిలిచినచో లోపలియూరు సూటిగా కానరాదు. ఎదుట గోడయే కనబడును. మొదట ఒక వాకిలి, అది దాటగానే నాలుగువైపుల ఎత్తైన గోడలుగల ముంగిలి, అక్కడ దారి ప్రక్కకు తిరుగును. మఱియొక వాకిలి దాటినగాని ఊరిలో పడరు. ఈ వంపు వాస్తుదోషము కాదు. కోటతలుపులను పగులగొట్టుటకు ఆ కాలమున ముఖ్యసాధనము ఏనుగు. ఏనుగు దూరమునుండి పరుగెత్తివచ్చి కుంభస్థలముతో తాకినచో ఎంతటి చేవకొయ్యయైనను నిలువదు. దారిని వంచినచో దానికి పరుగు లేదు. పరుగు లేని ఏనుగు ముంగిలిలో చిక్కి, పైనుండి పడు రాళ్ళకును బాణములకును గుఱియగును. దొంగపశువు దూకకుండ మన దొడ్లకు దారిని అడ్డము తిప్పి పెట్టుదుమే, అదియే ఈ ఉపాయమునకు తల్లి. ఇప్పుడు చూచు గవనులన్నియు ఒక్కనాటి కట్టడములు కావు. కాకతీయులు వేసిన పునాదిపై తరువాతి యేలికలు తమకు తోచినట్లు పెంచిరి, మార్చిరి. శ్రద్ధగా చూచినచో ఒకే గోడలో రెండుమూడు కాలముల చేతులు కనబడును.

గవని యుద్ధమునకే పుట్టినదనుకొనుట సరికాదు. యుద్ధము ఏ యిరువదియేండ్లకో ఒకసారి వచ్చును. గవని ప్రతి తెల్లవాఱుజామున తెఱచుకొనవలెను. పెరికయెడ్లు, బండ్లు, తలమోపులు, పాలకుండలు, గడ్డిమోపులు అన్నియు దానిగుండనే పోవలెను. ఓరుగంటి అంగడి సుంకములను తెలుపు కాకతీయకాలపు శాసనమొకటి కలదు. ధాన్యములు, నూనె, నెయ్యి, మిరియములు మొదలు రాగి, సీసము, చందనము, కస్తూరి, ఏనుగుదంతము వఱకు ఆ పట్టీలో ఉన్నవి. మన శాస్త్రములలో ఘట్టకుటీప్రభాతన్యాయమని యొకటి కలదు. సుంకము తప్పించుకొనదలచిన వర్తకుడొకడు రాత్రియంతయు అడ్డదారులు పట్టి తిరిగి తిరిగి, తెల్లవాఱునప్పటికి సరిగా సుంకపుపాక ముంగిటనే తేలినాడట. తర్కము చదువు విద్యార్థులకు ఈ న్యాయమును చెప్పినప్పుడెల్ల నా కన్నులయెదుట ఓరుగంటి గవనియే నిలుచుచుండెడిది. అగడ్త చుట్టును తిరిగిన వర్తకుడు తెల్లవాఱి మఱెక్కడ తేలును?

ఈ గవనుల యెదుటికి మొట్టమొదట వచ్చిన గొప్ప ఆపద రుద్రమదేవి కాలమున. 1262 మొదలు 1289 వఱకు ఏలిన ఆ రాణిపై దేవగిరి యాదవరాజు మహాదేవుడు దండెత్తినాడు. రుద్రమ పదునైదు దినములు పోరాడి, యాదవసేనను తఱిమి, దేవగిరి వఱకు వెంటాడి, ధనము కొని మరలినదని మన ప్రతాపచరిత్రము చెప్పును. యాదవుల కొలువులోనున్న హేమాద్రిపండితుడు, మహాదేవుడు ఏనుగులను పట్టుకొని, ఆడుదియని రుద్రమను విడిచిపెట్టెనని వ్రాసెను. ఇద్దఱును తమతమ దొరల ఉప్పు తిన్నవారే. కాని బీదరుకోటలో దొరకిన శాసనము కాకతీయుల ప్రాబల్యము అంతదూరము వ్యాపించినదని తెలుపుచున్నది. ఓరుగంటి వాకిలియొద్ద ఏనుగులను పోగొట్టుకొని ఓడిన రాణికి బీదరులో శాసనమెట్లు వచ్చును? నేను ప్రతాపచరిత్రము పక్షమే వహింతును.

తరువాతి ఆపద ఢిల్లీనుండి వచ్చినది. 1303లో అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపిన సేన కాకతీయుల చేతిలో దెబ్బతిని మరలిపోయెను. 1309లో అతడు మలిక్ కాఫూరును పంపెను. 1310 జనవరిలో కాఫూరు ఓరుగల్లు చేరి, ముందుగా అనుమకొండ గుట్ట నెక్కి కోట నంతయు కలయజూచెను. ఆ దండయాత్రను అమీర్ ఖుస్రో యను పారసీక కవి గ్రంథస్థము చేసినాడు. మట్టికోట గోడలో ఉక్కు ఈటె గ్రుచ్చినను దిగదనియు, రాతిగుండు విసరినచో పిల్లలాడుకొను కాయవలె తిరిగి వెనుకకు ఎగిరి వచ్చుననియు ఆయన చెప్పినాడు. పగవాని కవి పొగడిన పొగడ్త అది. మన భట్టుమూర్తులు పొగడిన దానికంటె దానికి వెల యెక్కువ. కోటచుట్టు దిగిన ఢిల్లీడేరాల చుట్టుకొలత పండ్రెండువేల అయిదువందల గజములకు పైబడినదట. లోపలివారు ఊరకుండలేదు. ఒకరాత్రి వేయిమంది రౌతులు వెడలి డేరాలపై బడిరి, ఓడినను, పడిరి. చివరకు ఢిల్లీవారు అగడ్తను పూడ్చి, మట్టికోట నెక్కి లోపల ప్రవేశించిరి. ప్రవేశించి చూచునప్పటికి ఎదుట రాతికోట, దానిచుట్టు మఱియొక అగడ్త.

అప్పుడు ప్రతాపరుద్రుడు సంధి కోరెను. తన రూపుతో బంగారుప్రతిమ చేయించి, దాని మెడకు గొలుసు తగిలించి పంపెనని ఖుస్రో చెప్పినాడు. నూఱు ఏనుగులు, వేలకొలది గుఱ్ఱములు, వేయి ఒంటెలు మోయునంత ధనము పోయినవి. గవని మాత్రము మూసినది మూసినట్లే యుండెను. నేను బాల్యమున గురువులయొద్ద విద్యానాథుని ప్రతాపరుద్రీయము చదివితిని. అలంకారశాస్త్రమున అది మాకు మేలైన గ్రంథము. అందలి ఉదాహరణములన్నియు ఈ ప్రతాపరుద్రుని ప్రతాపమే. ఆ శ్లోకములను వల్లించిన నాలుకకు ఆ బంగారుబొమ్మ మెడలోని గొలుసు చాల చేదుగా నుండును. అయినను రాజును నిందింపను. లోపల చిక్కిన ప్రజ ఎందఱో, వారి పిల్లలెందఱో గోడయవతలి మనకు తెలియునా? బొమ్మ మెడకు గొలుసు వేసి ఊరి మెడను తప్పించిన రాజును నేను పిఱికివాడనజాలను.

1318లో ఖుస్రూఖాను వచ్చి మరల కప్పము కొని పోయెను. ఢిల్లీలో ఖిల్జీలు పోయి తుగ్లకులు వచ్చిరి. ప్రతాపరుద్రుడు కప్పము మానెను. 1321లో యువరాజు ఉలుగుఖాను, తరువాత మహమ్మదు బిన్ తుగ్లకని పేరొందినవాడు, పెద్దసేనతో వచ్చి ఓరుగంటిని ముట్టడించెను. నెలలు గడచెను. కోట తగ్గలేదు. అంతలో ఢిల్లీనుండి వారమునకు రెండుమార్లు వచ్చుచుండిన టపా నెలకు పైగా రాలేదు. సుల్తాను చనిపోయెనని ఎవరో పుట్టించిన వదంతి సేనలో ప్రాకెను. సర్దారులు తమ దళములతో విడిపోయిరి, సేన చెదరిపోయెను, యువరాజు దేవగిరికి పరుగెత్తవలసివచ్చెను. గోడ చేయలేని పనిని రాని ఉత్తరమొకటి చేసినది.

ఇక్కడనే, పెద్దలారా, ఓరుగంటి కథయంతటిలో నా మనస్సునకు మిక్కిలి కష్టమైన ఘట్టము. శత్రువు మఱి రాడని లోపలివారు నమ్మిరి. ఉత్సవములు జరిగినవి. కోటలోని ధాన్యపుకొట్లను తెఱచిరి. నిలువయుంచిన గింజలు విందులకును అమ్మకములకును వెడలిపోయినవి. ముట్టడికాలమున లోపల చేరిన సేన తమ తమ సీమలకు పోయినది. ఆ కాలమునకు సమీపమున వ్రాసిన చరిత్రకారుల కథనమునుబట్టి మనకు తెలియునది ఇది. ఉలుగుఖాను మాత్రము దేవగిరిలో కొత్తసేనను కూర్చుకొని 1323లో మరల వచ్చెను. దారిలో బీదరును పట్టుకొని, వెనుకటి టపాదారి తెగకుండ కాపువెట్టుకొని మఱీ వచ్చెను. ఇద్దఱిలో ఒకడు వెనుకటి యేటినుండి పాఠము నేర్చుకొనెను.

గోడలు అవే. అగడ్త అదే. గవని వంపు అదే. కాని గాదెలు వట్టివి. విత్తులగింజలనైనను మిగుల్చుకొనని యింట రెండవకఱవు ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. పాతర తీసినపుడు అడుగున చేయి నేలకు తగిలిన చప్పుడు మీలో పలువురు ఎఱుగుదురు. ఈ మాఱు కోట అయిదునెలలు నిలిచినదని చెప్పుదురు. పిమ్మట ప్రతాపరుద్రుడు లొంగిపోయెను. ఆయనను ఢిల్లీకి కొనిపోవుచుండగా నర్మదాతీరమున దేహము చాలించెనని ప్రోలయనాయకుని విలసతామ్రశాసనము తెలుపుచున్నది. విలస గోదావరిసీమలోని పల్లెటూరు. మహారాజు మరణవార్త రాజధానీశిలలపై కాక ఒక పల్లెలోని రాగిరేకులపై మిగిలినది.

ఓరుగంటికి సుల్తానుపురమని పేరు మారినది. స్వయంభూదేవుని గుడి నేలకూలినది. ఆ స్థలముననే మసీదు వెలసినది. గుడికి నాలుగుదిక్కులనున్న నాలుగు శిలాతోరణములు మాత్రము నిలిచిపోయినవి. ఇవియే నేడు మీరు చిత్తరువులలో చూచునవి. దాదాపు ముప్పది అడుగుల ఎత్తు. నిలువుకంబములు, వానినుండి మోచేతులవలె చాచిన రాతిమద్దతులు, వానిమీద దూలము, దూలముపైని హంసలు, మకరములు, క్రిందికి వ్రేలు తామరమొగ్గలు. ఒకప్పుడు బడిపిల్లలను కొనిపోయి వీనిని చూపుచుండగా పదేండ్ల బాలుడొకడు, "అయ్యా, ఈ వాకిలికి తలుపులు ఎవరు ఎత్తుకొనిపోయిరి?" అని యడిగెను. ఎవరును ఎత్తుకొనిపోలేదు నాయనా, తలుపులు పెట్టుటకు ఇది కట్టలేదంటిని. "తలుపు లేనిచో వాకిలి యెందులకు?" అనెను. వానికి నేను చెప్పిన సమాధానము మీకును చెప్పుదును. గవని, నీవెవడవని అడుగును. తోరణము, నీవెక్కడకు వచ్చితివో చూడుమనును.

గుడిని కూల్చినవారు తోరణముల నేల యుంచిరి? వానిపై దేవతామూర్తులు అంతగా లేవు, లతలు, పక్షులు, మొగ్గలే యున్నవి గనుక విడిచిపెట్టిరని కొందఱందురు. ఆ ఠీవి తమకును అక్కఱకు వచ్చుననియే, తమ మసీదునకు నాలుగువైపుల వాకిళ్ళుగా అమరుననియే, తెలిసి యుంచిరని ఇటీవలి పండితుల మాట. రెండవదే నాకు నచ్చినది. కూల్చుటకు చేతనైనవాడు అలసి విడిచిపెట్టినట్లు ఆ నాలుగును అంత చక్కగా మిగులవు.

తరువాతి కాలమును వేగముగా దాటెదను. 1336 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుడు ఓరుగంటిని తిరిగి గెలుచుకొనెను. 1368 ప్రాంతమున రేచర్ల వెలమనాయకుల వశమైనది. 1425 ప్రాంతమున బహమనీలు పట్టుకొనిరి. ఆ కాలముననే మన క్రీడాభిరామము పుట్టినది. అందులో ఇద్దఱు మిత్రులు ఓరుగంటి వీథులన్నియు తిరిగి వేడుకలు చూతురు. రాజులు మారినను అంగడి మారలేదనుటకు ఆ కావ్యము మంచి సాక్షి. 1504లో సీతాపతిరాజు, పారసీక చరిత్రలలో షితాబుఖానుగా కనబడువాడు, ఓరుగంట శాసనము వేయించి, తాను నగరమును గెలిచి, తొలగిపోయిన పాంచాలరాయదేవుని మరల నిలిపితినని చెప్పుకొనెను. పిమ్మట ఊరు గోలకొండవారి చేతికి పోయినది.

ఆ గోలకొండవారు 1591లో భాగ్యనగరమును కట్టునప్పుడు చార్మినారు నిలిపి, దానికి ఉత్తరముగా కొంతదూరమున విశాలమైన ముంగిలి తీర్చి, నాలుగుదిక్కుల నాలుగు కమానులు కట్టిరి. చార్‌కమాన్ అని దానికి పేరు. నడుమ గుల్జారుహౌజను నీటికుండము. ఈ పొందికకు మాతృక ఓరుగంటి నాలుగు తోరణములేయని పరిశోధకులు కొందఱు సయుక్తికముగా వాదించిరి. పెండ్లికి ముత్యములు, నగలు కొనుటకు ఆ బజారుకు పోయిన మన ఆడపడుచులు ఎందఱో ఓరుగంటి తోరణపు మనుమల క్రిందుగా నడచివచ్చినవారే. 2014లో తెలంగాణరాష్ట్రము ఏర్పడినపుడు ఆ తోరణమునే రాజముద్రలో చేర్చిరి. గవని మాత్రము ఏ ముద్రలోను చేరలేదు. ఎండలో వానలో నిలిచి కావలికాసినవాడు పటములో ఉండడు గదా.

మీతో ఒకపని గలదు. అందులకే యింతసేపు మాటాడితిని. మీ యూళ్ళలో పాతకోటలు, గడీలు, గవనిరాళ్ళు, వ్రాతరాళ్ళు ఉండును. ఇల్లు కట్టుకొనువాడు వానిని తెచ్చి గడపక్రింద వేసికొనుట నేను కన్నులార చూచితిని. ఒక ఊర శాసనపుబండ చాకిరేవున బట్టలుతుకు బండయైయుండెను. సగము అక్షరములు అరిగిపోయినవి. రుద్రమదేవి ఎప్పుడు మరణించినదని చాలకాలము ఎవరికిని నిశ్చయముగా తెలియదు. నల్లగొండసీమలోని చందుపట్ల యను గ్రామమున ఒక శాసనము బయటపడినది. పువ్వుల ముమ్మడి యనువాడు, రాణియు ఆమె సేనాని మల్లికార్జుననాయకుడును శివలోకమున కేగిరని చెప్పి, వారి పుణ్యమునకై భూదానము చేసి ఆ రాతిని నాటించినాడు. కాలము 1289 నవంబరు. ఓరుగంటి గోడలన్నియు చెప్పని మాట చందుపట్లలోని ఒంటిరాయి చెప్పినది. ఆ రాతిని ఎవరైన చాకిరేవునకు దొర్లించియుండిన ఏమగును? కాబట్టి అక్షరములున్న రాయి కనబడినచో దానిని కదలింపక, సున్నము పూయక, పురావస్తుశాఖవారికి కబురు పంపుడు. పంచాయతిలో నాలుగుమాటలు చెప్పగలవారు మీరే. కుఱ్ఱవాండ్రు మీ మాట విందురు.

ఓరుగల్లు చూడబోవువారు తిన్నగా తోరణములయొద్దకు పరుగెత్తక రాతికోట గవనియొద్ద దిగి నడవవలెను. మొదటి వాకిలి దాటి ముంగిలిలో నిలిచి, తలయెత్తి నలుప్రక్కల గోడలపైకి చూడుడు. ఆ పైని విలుకాండ్రు నిలిచినచో తమ స్థితి యేమో అప్పుడు తెలియును. తరువాత ప్రక్కకు తిరిగి రెండవవాకిలి దాటుడు. లోపల ఇండ్లు, పశువులు, పొలములు, పిల్లలు, ఊరు ఊరే. వీరి బండ్లు, ఆటోలు ఆ గవనిగుండనే నడచును. నేను నిలిచి చూచునప్పుడు గడ్డిమోపుల బండి యొకటి లోపలికి వచ్చుచుండెను, ఎదుటనుండి ఆటో యొకటి వెలుపలికి పోవుచుండెను. వంపుకడ ఎవరికిని ఎవరును కానరారు. ఆటోవాడు కొమ్ము మ్రోగించి వేగము తగ్గించెను. బండివాడు ఎద్దుల ముకుత్రాళ్ళు బిగబట్టెను. ఇరువురును ఒకరినొకరు చూచుకొని, గోడకు ఒదిగి, మెల్లగా తప్పుకొనిపోయిరి.